బండి కింద బెత్తెడు జాగ

పని మానేసి ఇంట్ల కూసున్నంక గూడ నా కాళ్లు ఊకోవు. అప్పుడప్పుడు షెడ్డు దిక్కు పోయి కూసుంట. కొత్తగ పనిల చేరినోళ్లు చాయ్ తాగుకుంట అడుగుతరు, "మిస్త్రీ, ఇన్నేండ్లల్ల నువ్వు చేసిన పెద్ద పని ఏంది?" అని. చెరుకు సీజన్ల వరుసగ నిలవడ్డ ట్రాలీల ముచ్చట చెప్తననుకుంటరు. లేకుంటే పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకర్ల ముచ్చట. నేను చెప్పేది వింటె వాళ్ల మొఖాలు చిన్నగైతయ్. ఒక చిన్న డబ్బా బండిని బెత్తెడు మీదికి లేపినం, గంతే. గాని ఆ బెత్తెడు కోసం ఎవరెవరు ఎంత కష్టపడ్డరో, ఆ బండి ఎవరిదో, ఎక్కడికి పోవాల్నో తెలిస్తే మీరు గూడ చాయ్ పక్కకు పెట్టి వింటరు.

మా షెడ్డు నిజామాబాద్ దాటినంక బోధన్ రోడ్డు మీద ఉంటది. ట్రాక్టర్ ట్రాలీలు చేస్తం. నేను హెడ్ మిస్త్రీని. నాతోని ఒక వెల్డర్ ఉండె, వయసుల నాకంటె చిన్నోడు, చెయ్యి మస్తు తేజు. పని ఒప్పజెప్పి నువ్వు అటు తిరిగి ఇటు తిరిగేలోపట అది అయిపోతది, ఆయన ఇంకో పని మీద వంగి ఉంటడు. ఇంకొకాయన చాచా. ఆయనది బోధన్. కమాన్లు చేసే మనిషి. కమాన్ అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట. గుంతల పడ్డప్పుడు వంగుతది, మళ్ల లేస్తది. చాచా పెద్దలు టాంగాలకు కమాన్లు కట్టినోళ్లు. ఆయన పట్టీని కొలిమిల ఎర్రగ కాల్చి సమ్మెటతోని వంచుతుంటే చూసుకుంట నిలవడితె నా పని నాకు యాదికుండకపోయేది. మా షెడ్డుకు సేటు ఒకాయన. మంచోడే, గాని కొత్త పని అంటే ముందుగాల వద్దనే అంటడు.

వానలు తగ్గిన దినాలల్ల, ఒకరోజు పొద్దుగాల, పాత జీపు ఒకటి షెడ్డు ముంగట ఆగింది. దాని వెనుక రెండు చక్రాల తెల్లటి డబ్బా బండి తలిగిచ్చి ఉన్నది. కిటికీలు, కిటికీలకు పూల పరదాలు, పక్కకు ఒక తలుపు. వెల్డర్ చూసి "ఐస్‌క్రీం బండి ఇంత పెద్దగున్నదేంది?" అన్నడు. అది ఐస్‌క్రీం బండి కాదు, ఇల్లు. మనుషులు ఊర్లు తిరగనీకి జీపు వెనుక కట్టుకోని పోయే ఇల్లు. లోపల మంచం, చిన్న పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, అన్నీ ఉంటయ్.

జీపు నడిపిచ్చుకుంట వచ్చింది ఒక ఆడమనిషి. అరవై దాటినట్టున్నది. నెరిసిన జుట్టు గట్టిగ ముడేసుకోని, చీర కొంగు నడుముల చెక్కుకోని దిగింది.

"ఇరుసుల పని చూసే మిస్త్రీ ఎవలన్నా?" అని అడిగింది.

నేనే అని ముంగటికి పోయిన. ఆమె ముచ్చట తిన్నగ మొదలుపెట్టింది. మోస్రా, వర్ని దిక్కు ఊర్లల్ల నర్సుగ చేసి రిటైరైందట. ఆ దిక్కు ఎంతమంది పసిగుడ్లు ముందుగాల ఆమె చేతుల్లనే పడ్డయో లెక్కలేదు. అందుకే అందరు సిస్టరమ్మ అంటరు, మేం గూడ అదే పిలుపు అందుకున్నం. వాళ్లది ఎడపల్లి. పక్క సీట్ల కూసున్నాయన ఆమె పెనిమిటి. బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల చక్కెర బస్తాలు ఏసుకోని నాగపూర్, కలకత్తా దాక లారీ నడిపిన మనిషి. తర్వాత బియ్యం లారీలు. పెద్ద మనిషే, గాని ఇప్పుడు అంగి లోపట మనిషి సగమే ఉన్నట్టు కనవడ్డడు. మూత్రపిండాలు పని చేస్తలేవు. పొట్టకు ఒక సన్నని గొట్టం పెట్టిండ్రు. ఆ గొట్టం నుంచి మందు నీళ్లు కడుపులకు ఎక్కియ్యాలె, కొన్ని గంటలు ఉంచి మళ్ల బయటికి తియ్యాలె. రోజుల మూడు నాలుగుసార్లు అదే పని. అది ఎక్కడంటే అక్కడ చేసేది కాదు. తలుపులేసిన శుభ్రమైన అర్ర కావాలె. దుమ్ము ఉండొద్దు, ఫ్యాను తిరగొద్దు, చేతులు మంచిగ కడుక్కోవాలె. జర అటిటైతే కడుపుల చీము పట్టి ప్రాణం మీదికి వస్తది.

"దేశమంత తిరిగిన మనిషి, ఒక్క అర్రల బందీ అయిండు అన్నా" అన్నది సిస్టరమ్మ. "ఊరికి తీస్కపోదామంటే ఆ అర్రను గూడ ఎంట తీస్కపోవాలె. అందుకే తెచ్చిన."

పుణెల ఎవరో వాడి వదిలేసిన బండిని వెతికి కొన్నదట. లోపల అంత తనే కడిగి రంగేసింది. మంచం మీద కప్పుకు ఒక కొక్కెం బిగిచ్చింది, మందు నీళ్ల సంచి తలిగియ్యనీకి. తలుపు తీస్తే చిన్న దవాఖాన వాసన వచ్చింది. జీపు నడుపుడు గూడ రిటైరైనంకనే నేర్చుకున్నదట.

"ఎవరు నేర్పిండ్రమ్మా?" అని అడిగిన.

జీపుల నుంచి పెద్దాయన జవాబిచ్చిండు. "ఇంకెవడు నేర్పుతడు తమ్మీ? క్లచ్చు మీద కాలు పెడితే రెండు జీపుల క్లచ్చులు అరిగినయ్."

"ఒక్కటే అరిగింది" అన్నది సిస్టరమ్మ, ఆయన దిక్కు చూడకుంటనే.

మేం ఆయనను డ్రైవరన్న అన్నం.

వాళ్ల కష్టం ఏందంటే, డ్రైవరన్నకు ఒక క్లీనర్ ఉండె. లారీ మీద ఏండ్లకేండ్లు కలిసి తిరిగిండ్రు. ఒక్క పల్లెంల తిన్నరు, ఒక్క తాటిపత్రి కింద పండుకున్నరు. ఆ క్లీనర్‌ది ఏర్గట్ల దిక్కు. లారీలు మానేసినంక అక్కడ్నే పసుపు పెట్టుకోని చేన్ల ఇల్లు కట్టుకున్నడు. రెండేండ్ల కింద పక్షవాతమొచ్చి మంచం పట్టిండు. ఈయన పోలేడు, ఆయన రాలేడు. ఫోన్ల మాట్లాడుదమంటే క్లీనర్‌కు మాట తిరుగుతలేదు, ఏం చెప్తున్నడో సమజ్ కాదు. మొఖాలు చూసుకుంటే తప్ప అది తీరేది కాదు. కొన్ని దినాలు ఆడ ఉందామని ఈ బండి కట్టుకోని పోయిండ్రు.

తారు రోడ్డు మీద బండి మంచిగనే పోయింది. తారు రోడ్డు దిగి చేన్ల బాట పట్టినంక మొదలైంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి బాటకు రెండు దిక్కుల గాడి పడ్డది, నడిమిట్ల వీపు లెక్క మట్టి లేచి ఉన్నది. బండి కడుపు ఆ మట్టికి ఆనింది. కింద ఉన్న నీళ్ల గొట్టం ఇరిగింది, తలుపు కింది మెట్టు ఊడింది, బండి కదలక మెదలక కూసున్నది. ట్రాక్టర్ తెచ్చి ఎన్కకు గుంజిండ్రు. డ్రైవరన్నకు మందు నీళ్లు ఎక్కిచ్చే యాళ్ల దాటుతున్నది, చేతులు కడుక్కుందమంటే నీళ్లు లేవు. తిరిగొచ్చిండ్రు.

"వాడి ఇంటి రేకులు కనవడ్డయ్ తమ్మీ" అన్నడు డ్రైవరన్న.

సేటు ఊకోడు కదా, ఒక ఉపాయం చెప్పిండు. "బండిని రోడ్డు మీద్నే నిలవెట్టుకోని, జీపుల పోయి కలిసి రాండ్రి. ఈ పనంత ఎందుకు?"

డ్రైవరన్న ఆయన దిక్కు మెల్లగ తిరిగిండు. "సేటూ, రోడ్డు పక్కకు బండి నిలవెట్టినమంటే ఖరాబైనట్టు లెక్క. నేను వాని ఇంటికి సుట్టమై పోతున్న. బ్రేక్‌డౌనై కాదు."

సేటు బండి సుట్టు ఒకసారి తిరిగిండు. తిరిగి వచ్చి, "ఇది మనుషులు పండే బండి. రేపు ఏమన్నైతే మా మీదికొస్తది" అన్నడు.

"ఏమన్న గాకుండ చేస్తరనే మీ దగ్గరికొచ్చిన" అన్నది సిస్టరమ్మ. "బండ్ల ఆఫీసుల గూడ అడిగే వచ్చిన. పని అయినంక తీస్కపోయి చూపియ్యాలె. నువ్వు పని సంగతి చూడు సేటూ, కాయితాల సంగతి నేను చూస్త."

ఆ మాటతోని పని మా షెడ్డుకొచ్చింది.

బండి కిందికి దూరి చూసిన. మీకు తేటగ చెప్త. ఆ బండికి ఇరుసు మీద ఉన్నది, కమాన్లు ఇరుసు కింద తలిగిచ్చి ఉన్నయ్. తారు రోడ్ల మీద కిందికి ఉంటే బండి ఊగదని అట్ల చేస్తరు. అదే కమాన్లను ఇరుసు మీదికి తెస్తే బండంత బెత్తెడు పైకి లేస్తది. పెద్ద టైర్లు ఏద్దామా అంటే చక్రాల గూడుల పట్టయ్. కమాన్లకు, బండికి నడుమ దిమ్మెలు పెడదామా అన్నడు వెల్డర్. చాచా ఒప్పుకోలేదు. "నక్కో బేటా. గుంతల పడ్డప్పుడు దిమ్మె జారిందనుకో, లోపట మనిషి ఉంటడు" అన్నడు. కమాన్లను మీదికి తెచ్చుడే ఖాయం చేసినం. కమాన్ల పట్టీలు గూడ పాతవడ్డయ్, అందుకని చాచా కొత్తవి చేస్తనన్నడు.

పని మొదలైనంక సిస్టరమ్మ రోజు జీపుల పెనిమిటిని తీస్కోని వచ్చేది. ఆయనకు మందు నీళ్లు ఎక్కిచ్చి పొద్దుగాల రావాలె, మళ్ల యాళ్లకు ఎడపల్లి చేరాలె. ఆ నడుమ ఉన్న సమయం ఆయన మా షెడ్డుల కుర్చీ ఏసుకోని కూసునేటోడు. అప్పుడే ఆ మనిషికి పాణం లేచొచ్చినట్టు కనవడేది. ఇనుము వాసన, గ్రీసు వాసన పీల్చుకుంట చాచాతోని ఉర్దూల ముచ్చట పెట్టేటోడు. వచ్చిపోయే లారీల ఇంజన్ చప్పుడు విని, దేనికి ఏం రోగమో చెప్పేటోడు. సిస్టరమ్మ మాత్రం ఊకె కూసునేది కాదు. నా పక్కకు వంగి, "ఇది ఎందుకు బిగిస్తున్నవ్? ఇది ఊడితే ఏమైతది? తొవ్వల ఊడితే నేను ఏం చేయాలె?" అని అడిగేది. నట్లు ఎట్ల బిగియ్యాల్నో చేసి చూసేది. చీర మీద గ్రీసు మరకలు పడ్డా పట్టిచ్చుకోకపోయేది. మా షెడ్డుకొచ్చే బండ్ల ఓనర్లు ఎంతోమంది ఎప్పటికి అయితదని అడుగుతరు. ఎట్ల అయితదని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఇరుసు విప్పినంక నేను ఒక పని మీద ఆర్మూర్ పోయిన. తిరిగొచ్చేసరికి వెల్డర్ మొత్తం బిగిచ్చేసి, బండిని జీపుకు కట్టి నిలవెట్టిండు. చూస్తే నిజంగనే ఎత్తు లేచింది. కింద చెయ్యి చాపితే తగలకుంట పోతున్నది. అందరం సంబరపడ్డం. ఒకసారి రోడ్డు మీద తిప్పుకొద్దామని సిస్టరమ్మ జీపెక్కింది. వెల్డర్ పక్కకు కూసున్నడు. జానకంపేట దిక్కు కొంత దూరం పోయి మళ్లిచ్చుకోని వస్తున్నరు. నేను, డ్రైవరన్న రోడ్డు పక్కకు నిలవడి చూస్తున్నం.

బండి ఎదురొస్తుంటే డ్రైవరన్న కండ్లు చిన్నగ చేసిండు. "మిస్త్రీ, ఆ టైర్లను సూడు. పసిపోరడు కొత్తగ నడక నేర్సినట్టు కాళ్లు ఎడం ఏసుకోని వస్తున్నయ్."

చూసిన. నిజమే. రెండు టైర్లు మీద లోపలికి వాలి, కింద బయటికి ఎడమై ఉన్నయ్.

సంగతి సమజైంది. ఇరుసు చూసే కంటికి సీదగనే కనవడతది, గాని అది నడిమిట్ల ఒక్క ఇసుమంత పైకి వంగి ఉంటది. బరువు పడ్డంక ఆ వంపు సాపైతది, టైర్లు నిటారుగ నిలవడతయ్. కమాన్లను మీదికి తేవాల్నంటే ఇరుసు మీద అవి కూసునే కొత్త పీటలు అంటబెట్టాలె. అది వంకరపోకుంట చేసే వెల్డింగు, సమయం తింటది. వెల్డర్ అంత ఎందుకని ఇరుసునే బోర్లేసిండు. పాత పీటలు మీదికొచ్చినయ్, పని తొందరగ అయింది, గాని వంపు ఉల్టా అయింది. ఇగ బరువు పడ్డకొద్ది టైర్లు ఇంకా ఎడమైతయ్. ఏర్గట్ల చేరేలోపట లోపలి అంచులు అరిగి, ఏ మూల మలుపులనో పగిలేవి.

వెల్డర్ బండి దిగిండు. నేను చెప్పిన. ఆయన మొఖం నల్లగైంది. సిస్టరమ్మ ముంగట, సేటు ముంగట మాట పడ్డది కదా. ఏదన్న జవాబు చెప్తడు, కొట్లాట అయితదని నేను అనుకున్న. ఆయన టైర్ దగ్గర కూసొని, అరచెయ్యి పెట్టి, కింది నుంచి మీదికి తడిమి చూసిండు. లేచి డ్రైవరన్న దగ్గరికి పోయిండు.

"అన్నా, నువ్వు రేపు జర జల్ది రా. నా పక్కకు కుర్చీ ఏస్త. నేను అంటబెడుతుంటే సూస్కుంట కూసో. నాకు తొందరెక్కువ, నువ్వు ఆపు" అన్నడు.

డ్రైవరన్న నవ్విండు. "నా పెండ్లం క్లచ్చు నేర్సినప్పుడు నేను ఊకున్ననా? నువ్వు బుగులు పడకు, మంచిగ ఆపుత."

అన్నట్టే తెల్లారి కూసున్నడు. వెల్డర్ ఒక కుట్టు వేసుడు, ఆగుడు, ఇరుసు చల్లారనిచ్చుడు, సూటి పట్టీ పెట్టి చూసుడు. మళ్ల ఒక కుట్టు. ఆ మనిషి అంత మెల్లగ పని చేసుడు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత గూడ చూడలేదు. వెల్డింగు అయినంక ఆ అతుకును చూస్తే మల్లెపూల దండ లెక్క ఒక్క తీరుగున్నది. చాచా వంగి చూసి, "మాషాల్లా" అన్నడు. చాచా నోట ఆ మాట మేమెవ్వరం మా పనికి విననే లేదు. చాచా చేసిన కొత్త కమాన్లు ఎక్కిచ్చినం, ఇరిగిన నీళ్ల గొట్టం కొత్తది ఏసినం. జీపు వెనుక కొండి గూడ అంతే పైకి తెచ్చినం, లేకుంటే బండి ముక్కు కిందికేసి నడుస్తది. మళ్ల తిప్పుకొచ్చిండ్రు. ఈసారి టైర్లు సిపాయిల లెక్క నిలవడ్డయ్.

అంత అయిపోయింది అనుకున్నం. సిస్టరమ్మ తలుపు తీసి, "ఎక్కు, లోపట సూడు" అన్నది పెనిమిటిని.

ఆయన తలుపు దగ్గరికి పోయిండు. గడప ఆయన తొడకాడికి వచ్చింది. ఒక కాలు లేపిండు, అందలేదు. రెండో కాలు లేపిండు. తలుపు అంచు పట్టుకోని అట్లనే నిలవడ్డడు. మేమందరం రోజులకొద్ది బండి కిందనే చూసినం. తలుపు దిక్కు ఎవ్వరం చూడనే లేదు. ఎవరి కోసం బండి లేపినమో ఆ మనిషికే అది అందకుంట పోయింది.

ఆయన మా మొఖాలు చూసి నవ్వవట్టిండు. "అరె, నా ఇల్లు నాకే ఎత్తు అయిపాయె!"

మాకు నవ్వు రాలేదు. పాత మెట్టు కిందికి పెడదామంటే మళ్ల మట్టికి తాకుతది. చెక్క మెట్లు చేద్దామన్న నేను. ఆయన కాళ్లకు మెట్ల మీద నిలువే ఆగుతలేదన్నది సిస్టరమ్మ. ఎత్తుకోని ఎక్కిద్దామంటే రోజుకిన్నిసార్లు ఎవరు ఎత్తుతరు? ఆమె కొంగుతోని మొఖం తుడుచుకోని, గడప దిక్కు చూసుకుంట నిలవడ్డది.

రోడ్డు మీద ఒక లారీ ఆగి, దాని డ్రైవర్ క్యాబిన్ ఎక్కుతున్నడు. డ్రైవరన్న అటే చూస్తున్నడు. పిడి పట్టుకోవాలె, కాలు పలక మీద పెట్టాలె, ఒళ్లు ఒక్క ఊపుల లోపటికి గుంజుకోవాలె. ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

"మిస్త్రీ, నాకు మెట్లు అద్దు. లారీ క్యాబిన్ ఎక్కే పిడి పెట్టు. పొడుగుది. కాలు పెట్టనీకి పలక పెట్టు. నా కాళ్లు మెట్లు మర్సిపోయినయేమో గాని క్యాబిన్ మర్సిపోవు."

పాత సామాన్ల అంగడికి వెల్డర్ ఉరికిండు. తుక్కు కింద పడ్డ లారీ క్యాబిన్ నుంచి పొడుగు పిడి కోసుకోని వచ్చిండు. ఎందరి చేతులు పట్టి పట్టి ఆ ఇనుము అద్దం లెక్క నున్నగైంది. పలకలు రెండు చాచా చేసిండు, బండి నడిచేటప్పుడు మీదికి మలిచేటట్టు. డ్రైవరన్నను నిలవెట్టి, ఆయన చెయ్యి ఎక్కడ ఆడితే పిడి అక్కడ, కాలు ఎక్కడ లేస్తే పలక అక్కడ అని గుర్తు పెట్టి బిగిచ్చినం.

ఆయన ముంగటికొచ్చి ఎడమ చేత్తోని పిడి పట్టుకున్నడు. కుడి కాలు పలక మీద పెట్టిండు. కండ్లు మూసుకున్నడు. ఒళ్లు ఒక్క ఊపు ఊపిండు. మేం చూస్తుండంగనే లోపట ఉన్నడు.

షెడ్డుల పని ఆగిపోయింది. చాచా సమ్మెట కింద పెట్టిండు. లోపటి నుంచి డ్రైవరన్న ఆయాసపడుకుంట కిటికీ పరదా జరిపి, తల బయట పెట్టి సిస్టరమ్మతోని అన్నడు, "ఏం సూస్తున్నవే? బండి తియ్యి."

ఏర్గట్ల పోయిననాడు నేను, వెల్డర్ సేటు జీపుల వాళ్ల వెనుక పోయినం. పోండ్రని సేటే అన్నడు. బండ్ల ఆఫీసుల చూపిచ్చి కాయితాలు చేతికొచ్చేసరికి పసుపు తవ్వే దినాలొచ్చినయ్. ఊరు దగ్గరపడ్డకొద్ది పసుపు ఉడకవెట్టే వాసన కమ్ముకున్నది. తారు రోడ్డు దిగి ఆ చేన్ల బాట దగ్గర సిస్టరమ్మ బండి ఆపింది. దిగి, నడుమ లేచిన మట్టిని చూసింది, బండి కిందికి వంగి చూసింది, మా దిక్కు చూసి తలూపింది. మళ్ల ఎక్కి కదిలిచ్చింది.

నేను జీపు దిగి బండి వెనుక వంగి నడుస్తున్న. మట్టికి, బండి కడుపుకు నడుమ అటు దిక్కు ఎల్తురు కనవడుతున్నది. గడ్డి దుబ్బులు కడుపుకు సర్రుమని రాసుకుంటున్నయ్, గంతే. పోయినసారి ఆగిన జాగ దాటింది. వెల్డర్ నా భుజం మీద ఒక్కటి గుద్దిండు.

గాని ఇంటి ముంగట ఒక చిన్న ఒర్రె ఉన్నది. నీళ్లు లేవు, గాని ఒకదిక్కు గాడి లోతు. ముంగటి జీపు దిగి ఎక్కింది, వెనుక బండి ఒకదిక్కు వాలింది. ఎత్తు లేచిన బండి వాలితే ఎక్కువ వాలినట్టు కనవడతది, వాలుతది గూడ. చదునైన షెడ్డుల, తారు రోడ్డు మీద చూసినం గాని ఇట్ల ఒరిగితే ఏందని మేం చూడలేదు. సిస్టరమ్మ బ్రేకు తొక్కింది.

"నేను నడుపుత, దిగు" అన్నడు డ్రైవరన్న.

"నువ్వు దిగు" అన్నది ఆమె. "ముంగటికి పోయి సూపియ్యి. నీ క్లీనర్ నీకు ఎట్ల సూపిచ్చెటోడో అట్ల."

ఆయన ఒక్క క్షణం ఆమె దిక్కు చూసి, మెల్లగ దిగిండు. చేన్ల పసుపు తవ్వేటోళ్లు అప్పటికే ఉరికొచ్చిండ్రు. లోతు గాడిల రాళ్లేసి, మీద ఎండిన పసుపాకు తొక్కి నింపిండ్రు. డ్రైవరన్న కట్టె పట్టుకోని ఒర్రె గట్టు మీద నిలవడి, చెయ్యి లేపిండు. "రానీ... రానీ... జర ఆగు... లెఫ్ట్ కొట్టు... రానీ..."

ఆయన గొంతు ఎంత లేస్తది? అంత ఇంజన్ చప్పుడుల సగం వినవడుతలేదు. ఆమె కిటికీల నుంచి తల బయట పెట్టి ఆయన చేతినే చూస్తున్నది.

అప్పుడు ఇంటి దిక్కు నుంచి ఒక కేక. మాటలు సాఫ్ లేవు, ముద్ద ముద్దగున్నయ్, గాని గొంతు మాత్రం ఒర్రె దాటి చేన్లకు పోయింది. "రాఆఆ... నీఈఈ!"

వాకిట్ల మంచం ఏసి ఉన్నది. దాని మీద ఒకాయన, ఒక మోచేతి మీద లేచి, మంచిగున్న చెయ్యితోని మంచం పట్టెను దబదబ కొడుతున్నడు. క్లీనర్లు లారీ డబ్బాను అరచేత్తోని కొడతరు చూడుండ్రి, అట్లనే. "ఉస్తాద్! రాఆఆ... నీఈఈ!"

డ్రైవరన్న చెయ్యి గాలిల అట్లనే ఆగింది. సూపియ్యవలసిన మనిషి అటు తిరిగి నిలవడ్డడు. సిస్టరమ్మ ఇంక ఆయన కోసం చూడలేదు. మంచం పట్టె చప్పుడు విన్నది. దబదబ కొడితే నడిపింది, ఆగితే ఆపింది. టైరు రాళ్ల మీదికెక్కింది, బండి ఊగి, మెల్లగ సీదా అయింది. ఒర్రె దాటి వాకిట్లకు వచ్చి ఆగింది.

ఇద్దరు ఎట్ల కలుసుకున్నరో నేను చెప్పలేను. నేను అటు చూడలేదు. బండి కింద నట్లు వదులైనయా అని చూస్తున్నట్టు పండుకున్న. పక్కకు వెల్డర్ గూడ వచ్చి పండుకున్నడు. నట్లన్నీ గట్టిగనే ఉన్నయని ఇద్దరికీ తెలుసు. మీద నుంచి సిస్టరమ్మ గొంతు వినవడ్డది. "ఇగ సాలు, తర్వాత ఏడువుండ్రి. మందు నీళ్ల యాళ్లైంది." డ్రైవరన్న పిడి పట్టుకోని ఎక్కుడు, తలుపు పడుడు, మా తల మీద మంచం కిర్రుమనుడు. ఆ మూసిన తలుపు ఇవతల క్లీనర్ మంచం మీద ఒరిగి తలుపునే చూస్తున్నడు, లారీ రిపేరుల ఉంటే కాపల ఉన్నట్టు.

మేం చీకటి కాకముందే తిరిగొచ్చినం. వాళ్లు ఒక వారం ఉందామని పోయిండ్రు. పసుపు తవ్వుడైంది, ఉడకవెట్టుడైంది, వాకిట్ల కొమ్ములు ఎండవోసుడైంది, వాళ్లు రాలేదు. ఏమన్న ఖరాబైందా, మనిషికి ఏమన్నైందా అని ఫోన్ చేసిన. సిస్టరమ్మ ఎత్తింది. వెనుక గాలి హోరు, ఇంజన్ చప్పుడు.

"ఎక్కడున్నరమ్మా?"

"గోదారి ఒడ్డుకు పోతున్నమన్నా. జర ఆగు, పక్కకు ఆపుత." ఆపినంక చెప్పింది. "క్లీనర్‌ను ఎత్తి ముంగటి సీట్ల కూసోబెట్టినం. రెండేండ్లాయె ఆయన రోడ్డు సూడక. మీ డ్రైవరన్న ఎన్క సీట్ల ఉన్నడు. డబ్బా ఎన్క వస్తున్నది, యాళ్లైతే ఎక్కడ్నన్న నీడకు ఆపుకుంట."

"అంత మంచిగున్నదా? బండి ఊగుతలేదు కదా?"

"బండికేంది, మంచిగున్నది. ఈ ఇద్దరితోనే తకలీబ్. ఒకలు లెఫ్ట్ అంటరు, ఒకలు రైట్ అంటరు, ఇద్దరు కలిసి నా మీద ఒర్రుతరు."

"మరి నువ్వేం చేస్తున్నవమ్మా?"

ఆమె నవ్వింది. ఇంజన్ మళ్ల మొదలైన చప్పుడు వినవడ్డది.

"ఏం చేస్త అన్నా? ఒర్రనిస్తున్న. తొవ్వ నేను సూస్కుంటున్న."